గాలమునకు కాలము: ఉత్తర తెలంగాణమున చేపల వేట చరిత్ర

చేపలు పట్టుట కొందరికి జీవనోపాధి, మరికొందరికి వినోదము. కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో బెస్తలు, ముదిరాజులు తరతరములుగా చెరువులను, వాగులను నమ్ముకొని వలలతో బ్రతుకు సాగించుచున్నారు. సెలవు దినమున వెదురు కొయ్యను భుజముపై వేసికొని చెరువు కట్టకు పోవు బడి పిల్లవాని పని వేరు. వలకు చేప ఆకలితో పనిలేదు. దారికి అడ్డము వచ్చినదానినెల్ల అది చుట్టివేయును. గాలము అట్టిది కాదు. చేప తనంతట తానుగా వచ్చి నోరు తెరచినప్పుడే గాలము పని చేయును. అందుచేత గాలము వేయువాడు చేప తిండిని, నోటిని, ఇంద్రియములను, అది మసలు వేళలను ఎరిగి యుండవలెను. ఒక్క మాటలో చెప్పవలెనన్న, వినోదముగా చేపలు పట్టుట ప్రకృతి శాస్త్రములో ఒక పాఠము.

ఏ గాలము ఎప్పుడు వేయవలెను? ఈ ప్రశ్నకు మన పెద్దలు కార్తెలను బట్టి, నీటి రంగును బట్టి సమాధానము చెప్పెడివారు. ఆ సమాధానము పారెడి గోదావరిని, వానలకు పొంగి వేసవిలో ఎండెడి వాగులను చూచి ఏర్పడినది. గత ఏడు దశాబ్దములలో కట్టిన ఆనకట్టలు ఆ ప్రవాహమును చాలవరకు నిలువ నీటిగా మార్చినవి. నీరు మారగా కాలమును మారినది. పాత జ్ఞానములో ఏది నేటికిని నిలుచును, దేనిని సవరించుకొనవలెను అను విషయమును తెలిసికొనుటకు ఈ వేట చరిత్రను ఒకసారి పరిశీలింతము.

గాలము పుట్టుక

గాలము మానవుని అతి ప్రాచీన సాధనములలో ఒకటి. జపానునకు చెందిన ఒకినావా దీవిలోని సకితారి గుహలో నత్తగుల్లను అరగదీసి చేసిన గాలములు దొరికినవి. అవి సుమారు 23,000 సంవత్సరముల నాటివని 2016లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మన దేశమున సింధు నాగరికత ప్రజలు రాగితో గాలములు చేసిరి. వానిలో కొన్నింటికి కొన వద్ద వెనుకకు తిరిగిన చిన్న ముల్లు కలదు. చూచుటకు స్వల్పమైనను ఈ ముల్లు గొప్ప కల్పన. గుచ్చుకొనునప్పుడు అడ్డు రాదు. చేప వెనుకకు లాగినప్పుడు మాత్రము ఊడిరానీయదు. నేడు దుకాణములో కొనెడి ఉక్కు గాలమునకును ఇదే రూపము.

గాలమునకు తోడుగా మరి నాలుగు వస్తువులు కావలెను. చేతిలో కొయ్య, దానికి దారము, నీటిపై తేలెడి బెండు, దారమును క్రిందికి దింపు సీసపు గుండు. పూర్వము దారమును జనపనారతో గాని పట్టుతో గాని పేనెడివారు. బెండునకు జీలుగు కర్ర, నెమలి యీక కాడ చాలును. 1938లో అమెరికాలో ప్రకటింపబడిన నైలాను, రెండవ ప్రపంచ యుద్ధము తరువాత దారమై వచ్చి, నారను, పట్టును వెనుకకు నెట్టినది. నైలాను దారము నీటిలో కుళ్ళదు, చేప కంటికి సులభముగా కానరాదు. కాని ఆ కుళ్ళకపోవుటయే నేడు చిక్కు తెచ్చినది. తెగిపోయిన దారము చెరువులో ఏండ్ల తరబడి నిలిచి, నీటి పక్షుల కాళ్ళకు, తాబేళ్ళ మెడలకు ఉరియగుచున్నది.

రాజుగారి మత్స్యవినోదము

గాలపు వేటను గూర్చి మన దేశమున వ్రాయబడిన ప్రాచీన వివరణము దక్కనులోనే పుట్టినది. కళ్యాణి చాళుక్య రాజైన మూడవ సోమేశ్వరుడు 1126 మొదలు 1138 వరకు పాలించెను. ఆయన రచించిన మానసోల్లాసమను సంస్కృత గ్రంథములో నూరు అధ్యాయములు కలవు. అందు రాజుల వినోదములను తెలుపు భాగములో మత్స్యవినోదము ఒక అధ్యాయము. ఆ కాలమున హనుమకొండ కాకతీయులు, జగిత్యాల సమీపమున పొలాస ప్రభువులు కళ్యాణి రాజులకే సామంతులు. కావున నేటి కరీంనగరు ప్రాంతము ఆ గ్రంథకర్త ఏలుబడిలోనిదే.

ఈ అధ్యాయములో ముప్పదికి పైగా చేప జాతులు పేర్కొనబడినవి. వానిని సముద్రపు చేపలు, మంచినీటి చేపలు అనియు, పొలుసులున్నవి, పొలుసులు లేనివి అనియు, పెద్దవి, చిన్నవి అనియు విభజించిరి. ఏ చేపకు ఏ తిండి ఇష్టమో చెప్పిరి. వేటకు ముందే చేపలున్న తావున పిండి ఉండలు వేసి వానిని మచ్చిక చేయవలెనని, పిదప గాలము వేయవలెనని సూచించిరి. కొయ్య, దారము, గాలముల లక్షణములును ఇందు కలవు. భారత ప్రభుత్వ జంతు పరిశోధన శాఖకు సంచాలకులుగా పనిచేసిన మత్స్య శాస్త్రజ్ఞుడు సుందరలాల్ హోరా 1951లో ఈ అధ్యాయమును శాస్త్ర దృష్టితో పరిశీలించి లోకమునకు తెలిపెను.

ఇందు మనము గుర్తింపవలసినది యొకటి కలదు. రాజు వేటకు మొదటి మెట్టు గాలము కాదు, వర్గీకరణము. చేప జాతిని, దాని తిండిని తెలిసికొనిన తరువాతనే ఎర, ఆ తరువాతనే గాలము. ఈ క్రమము నేటికిని మారలేదు.

చేప నోరు చెప్పెడి పాఠము

మన చెరువులలో బొచ్చె, రవ్వ, మ్రిగాల అను మూడు పెద్ద చేపలు కలిసి బ్రతుకును. రవ్వనే రోహు అందురు. మూడును దగ్గరి చుట్టములే; కాని వాని నోళ్ళు వేరు. బొచ్చెకు నోరు పైకి తిరిగి యుండును. అది నీటి పై పొరలో తేలెడి సూక్ష్మజీవులను, అనగా ప్లవకములను వడగట్టి తినును. రవ్వకు పెదవులు అంచులు తెగి కుచ్చువలె నుండును. నోరు కొంచెము క్రిందికి వాలును. అది నడి నీటిలో తిరుగుచు రాళ్ళకు, మొక్కలకు అంటిన నాచును గీకి తినును. మ్రిగాల నోరు క్రిందికి వెడల్పుగా తెరచుకొనును. అది అడుగు బురదలోని కుళ్ళిన పదార్థమును తినును. ఈ మూటిని ఒకే చెరువులో పెంచినను తిండికై పోటీ తక్కువగా నుండుటకు ఇదియే కారణము.

గాలము వేయువానికి దీనిలోనే ఉపాయమున్నది. బొచ్చెకై బెండుకు క్రింద జానెడు, మూరెడు లోతున ఎరను నిలుపవలెను. నీటిలో మెల్లగా కరగెడి తవుడు, పల్లి చెక్క పొడి మంచి ఎర. రవ్వకు నడి లోతున గోధుమ పిండి ముద్ద చాలును. మ్రిగాలకు ఎర నేలను తాకవలెను. లోతు తప్పినచో రోజంతయు కూర్చున్నను బెండు కదలదు.

మాంసాహారులైన చేపల తీరు వేరు. వాలుగకు పెద్ద నోరు, వరుసలుగా పండ్లు, పొడవైన మీసములు కలవు. వల్లాగో అను దాని శాస్త్రనామము తెలుగు మాటయైన వాలుగ నుండి వచ్చినదే. అది పగలు లోతు మడుగులో దాగి, సందెవేళ వేటకు బయలుదేరును. కావున దానికి చిన్న చేపను ఎరగా గ్రుచ్చి, ప్రొద్దు గుంకిన పిమ్మట వేయుదురు. దాని పండ్లు దారమును కోయకుండ గాలము వద్ద జానెడు ఇనుప తీగ కట్టుట అవసరము.

కొర్రమీనును మన పల్లెలలో కొర్రమట్ట యందురు. ఇది తెలంగాణ రాష్ట్ర చేప. దీనికి మొప్పలతో పాటు గాలిని పీల్చు అవయవము తలలో నుండుటచేత అప్పుడప్పుడు పైకి వచ్చి గుటక వేసి పోవును. తామర ఆకుల సందున నీరు చిట్లిన చోటును కనిపెట్టి, అచట కప్పను నీటిపై తాటించి లాగుట దీని వేట. ఇప్పుడు కప్పకు బదులు రబ్బరు కప్ప వచ్చినది. జెల్లలు, పరకల వంటి చిన్న చేపలకు ఎర్రలు, అనగా వానపాములు చాలును. పిల్లలు నేర్చుకొనుటకు ఇదే తగిన మొదటి పాఠము.

నాలుగు నీళ్ళు, నాలుగు వేళలు

కరీంనగరు, ఆదిలాబాదు పాత జిల్లాల నడుమ గోదావరియే చాల దూరము సరిహద్దు. ఉత్తరమున పెన్‌గంగ, తూర్పున వార్ధా, ప్రాణహిత; లోపల కడెము, పెద్దవాగు; దక్షిణమున మానేరు. ప్రాణహిత కాళేశ్వరము వద్ద గోదావరిలో కలియును. ఈ నీళ్ళలో ఏడాది నాలుగు భాగములుగా నడచును.

మొదటిది తొలకరి. జూన్ 7, 8 తేదీల ప్రాంతమున మృగశిర కార్తె ప్రవేశించును. ఆ దినమున చేప తినుట తెలంగాణమున ఆచారము. కొద్ది దినములలో వానలు కురిసి వాగులు ఎర్రనీటితో పొంగును. అప్పుడు గ్రుడ్లతో నిండిన చేపలు ప్రవాహమునకు ఎదురెక్కును. కాలువలలో, పొలము గట్ల వద్ద వానిని చేతితో పట్టవచ్చును. పట్టుటకు ఇంతకంటె సులభమైన కాలము లేదు. పట్టరాని కాలమును ఇదే. ఒక పెద్ద రవ్వ కడుపులో గ్రుడ్లు లక్షల కొలది యుండును.

రెండవది వరద తీయు కాలము. ఆశ్వయుజ, కార్తిక మాసములలో మట్టి అడుగుకు దిగి నీరు తేరుకొనును. చేపలు ఆకలితో మేయును. కంటితో చూచి వేటాడు చేపలకు ఎర కనబడును. గాలమునకు ఇది ఉత్తమ కాలము.

మూడవది చలికాలము. ఆదిలాబాదు తెలంగాణమున మిక్కిలి చలి గల సీమ. చేపకు మనవలె స్థిరమైన దేహోష్ణము లేదు. నీరు చల్లబడగా దాని జీర్ణక్రియ మందగించి ఆకలి తగ్గును. కావున తెల్లవారుజామున కూర్చుండుట వ్యర్థము. ఎండ నీటిని వేడిచేసిన పిదప, మధ్యాహ్నము వేయవలెను. చిన్న గాలము, చిన్న ఎర వాడవలెను.

నాలుగవది వేసవి. నీరు వేడెక్కిన కొలది అందు కరిగియుండు ఆమ్లజని, అనగా ఆక్సిజను తగ్గును. 20 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో 9 మిల్లీగ్రాముల వరకు నిలుచును. 30 డిగ్రీల వద్ద ఏడున్నర మిల్లీగ్రాములే నిలుచును. చేప మధ్యాహ్నమున లోతునకు పోయి కదలక యుండును. ప్రొద్దున, సాయంకాలము మాత్రమే గాలము పని చేయును. ఎండుచున్న మడుగులలో మిగిలిన చేపలే మరుసటి తొలకరికి విత్తనము గనుక వానిని వదలివేయుట మంచిది.

దొరల చెంచా ఎర

పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్లేయులు ఈ వినోదమునకు కొత్త పద్ధతులు తెచ్చిరి. మద్రాసు సివిల్ సర్వీసులోని హెన్రీ సల్లివాన్ థామస్ 1873లో రాడ్ ఇన్ ఇండియా అను గ్రంథమును, 1887లో చెరువులలోని గాలపు వేటను గూర్చి వేరొక గ్రంథమును ప్రకటించెను. మద్రాసు సైన్యపు వైద్యుడైన ఫ్రాన్సిస్ డే దేశమంతట తిరిగి 1875 నుండి 1878 వరకు భారతదేశపు చేపలను గూర్చి మహాగ్రంథమును వెలువరించెను.

ఈ దొరలకు ప్రియమైనది మహాసీరు. దక్కను మహాసీరును 1839లో సైక్స్ అను సైనికోద్యోగి శాస్త్రలోకమునకు తెలిపెను. రాళ్ళ నడుమ వడిగా పారు తేట నీటిలో అది బ్రతుకును. దానికై చెంచా ఆకారముగల లోహపు రేకును దారమునకు కట్టి ప్రవాహమునకు అడ్డముగా విసరి రీలుతో చుట్టుచుందురు. రేకు గిరగిర తిరుగుచు మెరసి, పారిపోవు చిన్న చేపవలె భ్రమ కల్పించును. నిలువ నీటిలో పిండి ముద్ద, పారు నీటిలో మెరసెడి ఎర అను భేదము ఈ విధముగా స్థిరపడినది. చెరువుల వేటలో మాత్రము ముందుగా మేత వేసి చేపలను రప్పించు పద్ధతియే సాగినది. అది సోమేశ్వరుడు ఏడు శతాబ్దములకు ముందే వ్రాసినది.

విషము, మందుగుండు

వినోదమునకు, సంహారమునకు నడుమ గీత ఎచ్చట గీయవలెనను ప్రశ్న కూడ ఆ కాలముననే లేచినది. మధ్య భారతపు అడవులలో వేసవి మడుగులలో కొన్ని కాయలను, బెరడులను నలగగొట్టి కలిపి చేపలను మత్తులో ముంచు పద్ధతి పూర్వమునుండి కలదు. ఆదిలాబాదు అడవులలో విస్తారముగా పెరుగు ఇప్ప చెట్టు గింజల నుండి నూనె తీయగా మిగిలిన చెక్క ఇట్టిదే. దానిలోని సాపోనిను అను పదార్థము మొప్పల ద్వారా రక్తములో చేరి ఎర్ర కణములను పగులగొట్టును. చెరువులలో చేపపిల్లలను వదలుటకు ముందు పనికిరాని చేపలను తొలగించుటకు మత్స్యశాఖలు ఈ చెక్కనే వాడుట నేర్చినవి. కొలత, స్థలము తెలిసి వాడినచో అది సాధనము. పారు వాగులో పోసినచో చిన్న పెద్ద తేడా లేక సర్వ జీవులకును మృత్యువు.

మందుగుండు ఇంకను ఘోరము. ప్రేలుడు ఒత్తిడికి చేప కడుపులోని గాలితిత్తి పగులును. చచ్చిన చేపలలో చాలా భాగము మునిగిపోయి ఎవరికిని దక్కదు. అందుచేత 1897లో వచ్చిన భారత మత్స్య చట్టము మందుగుండుతోను, విషముతోను చేపలు పట్టుటను నిషేధించినది. ఈ చట్టము చేయబడినప్పుడు ఈ ప్రాంతము నిజాము రాజ్యములో నుండినది. 1940 దశకమున హైదరాబాదు రాజ్యమున మత్స్యశాఖ వారు జిల్లాల వారీగా చేప జాతుల పరిశీలన జరిపి ఫలితములు ప్రకటించిరి. వేటకు ముందు జాతులను లెక్కించు సోమేశ్వరుని క్రమమే ఇందును కనబడును.

నది చెరువైనది

స్వాతంత్ర్యానంతరము నీటి రూపు మారినది. కడెము ప్రాజెక్టు 1949లో ఆరంభమై, 1958 వరదలలో గండిపడి, 1965 నాటికి పూర్తియైనది. పోచంపాడు వద్ద 1963 జూలై 26న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట నేటి శ్రీరాంసాగరు. కరీంనగరు చెంత దిగువ మానేరు ఆనకట్ట 1974లో మొదలై 1985లో ముగిసినది. తరువాత ఎల్లంపల్లి వచ్చినది. 2019లో ప్రారంభమైన కాళేశ్వరము పథకము క్రింద గోదావరిపై మేడిగడ్డ, అన్నారము, సుందిళ్ళ బరాజులు లేచినవి. వీనిలో మేడిగడ్డ బరాజు 2023 అక్టోబరులో కొంతభాగము కుంగినది.

వీనివలన పొలములకు, పట్టణములకు నీరు లభించినది. చేపల దృష్టితో చూచిన మాత్రము రెండు మార్పులు జరిగినవి. ప్రవాహములో మాత్రమే బ్రతుకు జాతులకు చోటు కుదించుకొనిపోయినది. రెండవది, బొచ్చె, రవ్వ, మ్రిగాలలు వరద నీటి ఉరవడి లేనిదే సాధారణముగా గ్రుడ్లు పెట్టవు. ఎదురెక్కు దారికి ఆనకట్ట అడ్డము వచ్చినది. కడుపులో గ్రుడ్లున్నను అవి చెరువులో విడుదల కావు. ఈ చిక్కును విప్పినవాడు హీరాలాల్ చౌధురి. ఒరిస్సాలోని అంగుల్ వద్ద 1957 జూలై 10న ఆయన పీయూష గ్రంథి సారమును సూదితో ఎక్కించి చేపలచే గ్రుడ్లు పెట్టించెను. ఆ దినమునే జాతీయ మత్స్య రైతుల దినముగా జరుపుచున్నారు. తెలంగాణ ప్రభుత్వము 2016లో చెరువులలో చేపపిల్లలను ఉచితముగా వదలు పథకమును ఆరంభించుటకును ఈ ప్రయోగమే పునాది.

అంతేకాక, 1952లో మన దేశమునకు తెచ్చిన తిలాపియా, అనగా జిలేబి చేప, నిలువ నీళ్ళలో విస్తరించినది. అది ఏడాదిలో పలుమార్లు గ్రుడ్లు పెట్టి, పిల్లలను నోటిలో దాచి కాపాడును. దానికి తొలకరితో పనిలేదు.

నేటి గాలమునకు నేటి కాలము

ఈ చరిత్ర నుండి మూడు విషయములు తేలుచున్నవి. చేప శరీరము మారలేదు. కావున నోటిని బట్టి లోతు, తిండిని బట్టి ఎర అను సూత్రము నేటికిని చెల్లును. చలిలో మధ్యాహ్నము, వేసవిలో సందెవేళ అను నియమమును చెల్లును. కాని నీటి రాకపోకలను ఇప్పుడు కార్తెతో పాటు ఆనకట్ట తలుపులు కూడ నిర్ణయించుచున్నవి. తలుపులు ఎత్తిన దినమున దిగువ వాగు కార్తిక మాసమున కూడ ఆషాఢమువలె పొంగవచ్చును. అందుచేత పంచాంగముతో పాటు నీటి రంగును, మట్టమును, వేగమును స్వయముగా చూడవలెను. ఆనకట్ట దిగువన నిలుచుట ప్రాణాపాయమని మరువరాదు.

రెండవది, వదలవలసిన కాలము. జూన్ నుండి ఆగస్టు వరకు ఎదురెక్కు చేపపై గాలము వేయరాదు. కొర్రమీను తల్లిదండ్రులు తమ పిల్లల గుంపును విడువక కావలి కాయును. ఎర్రని పిల్లల గుంపు కనబడిన చోట ఎరను తాటించినచో తల్లి కోపముతో పట్టుకొనును; అది ఆకలి కాదు, కాపుదల. ఆ తల్లిని తీసినచో గుంపంతయు ఇతర చేపల పాలగును. తొలకరిలో గాలము వేయక తప్పదనుకొన్నవారు జిలేబి చేపనే పట్టవచ్చును; దానివలన చెరువునకు నష్టము లేదు.

మూడవది, హద్దులు. గ్రామపు చెరువులలో చేపలపై మత్స్య సహకార సంఘములకు హక్కులు కలవు; వారి అనుమతి అడుగుట మర్యాదయు, ధర్మమును. అభయారణ్యములలో అనుమతి లేనిదే వేట కూడదు. మంథని సమీపమున గోదావరి తీరమున మొసళ్ళ రక్షణకై 1978లో ఏర్పడిన శివారము అభయారణ్యము అట్టిది. తెగిన నైలాను దారమును నీటిలో వదలక ఇంటికి తేవలెను.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో సులభముగా బోధింపవచ్చును. చేపల బజారు నుండి బొచ్చెను, రవ్వను, మ్రిగాలను తెచ్చి నోళ్ళను పోల్చి చూపవలెను. తమ ఊరి చెరువునకు ఒక నోటు పుస్తకము తెరచి, వారమునకు ఒకసారి నీటి మట్టమును, రంగును, ఉష్ణోగ్రతను, కనబడిన చేపలను విద్యార్థులచే వ్రాయింపవలెను. రెండేండ్లు వ్రాసినచో ఆ చెరువునకు తగిన కొత్త పంచాంగము సిద్ధమగును. ఏ నెలలో గాలము వేయవచ్చునో, ఏ నెలలో దానిని అటుకపై పెట్టవలెనో ఆ పుస్తకమే చెప్పును.